లోతూరు ఉప్పుగంజి

ఆషాఢ బహుళ పంచమి

గేటు ఇవాళ నన్ను బయటికి పంపలేదు.

సూటు తొడుక్కుని చెయ్యి గేటుకున్న బీపీ కడియంలో పెట్టాను. అది బిగిసింది, వదిలింది, ఎర్రదీపం వెలిగించి "నూట అరవై ఎనిమిది, నూట రెండు. దయచేసి విశ్రాంతి తీసుకోండి" అంది. ఒడ్డున ఎవరో చదువుకున్న అమ్మాయి గొంతు అది, మర్యాద మరీ ఎక్కువ. మళ్లీ పెట్టాను. ఇంకా పెరిగింది. మూడోసారి పెట్టేముందు గేటును కాలితో ఒక్కటిచ్చాను. అప్పుడొచ్చిన అంకె ఇక్కడ రాయను.

పెళ్లికి ముందు నుంచీ నేను సముద్రం అడుగునున్న ఈ లోతూరికి బయటిమనిషిని. ఊరి గోడలకు పట్టిన గుల్లలు గీకడం, అతుకులు చూడటం, గాలిగొట్టం మూతి శుభ్రం చేయడం మా పని. ఉన్నది ముగ్గురం. నేను, పోలినాయుడు, గవర్రాజు. బయటిమనుషులు రోజూ చిట్టా రాయాలని నియమం ఉంది. ఇన్నేళ్లూ నా చిట్టాలో మూడే మాటలు: వెళ్లాను, గీకాను, వచ్చాను. ఇవాళ వెళ్లలేదు కాబట్టి రాయడానికి బోలెడు తీరిక దొరికింది.

ఇంటికొస్తే మా ఆయన దానయ్య సానుభూతి చూపిస్తాడనుకున్నాను. "నువ్వలా అందరిమీదా ఎగిరితే నీ రక్తం మాత్రం ఊరుకుంటాదేటి?" అన్నాడు. ఊరంతా అదే మాట. నూకరత్నానికి కోపం ఎక్కువ, అందుకే గేటు ఆపింది అంటున్నారు. అన్నవాళ్లందరి మీదా ఎగిరాను.

ఆషాఢ అమావాస్య

డాక్టర్ మెహరున్నీసా ఈ వేసవిలోనే ఒడ్డునుంచి వచ్చింది. ఆమె ఆసుపత్రి ఊరికి అటు చివర, దానయ్య పనిచేసే నీళ్ల మిషను వెనకాల ఉంది. ఒక్కరోజు అంకె చూసి ఏమీ తేల్చనని చెప్పి, ఈ పది రోజులూ పొద్దునా సాయంత్రం నన్ను తన దగ్గరికి రప్పించుకుంది.

బీపీ చూసే ముందు ఆమె పెట్టే హింస అంతా ఇంతా కాదు. ముందు బాత్రూముకి వెళ్లి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద పెట్టి, ఐదు నిమిషాలు నోరు మూసుకు కూచోవాలి. గేటు దగ్గర నేను ఒక్కరోజూ అలా కూచోలేదు. పరిగెత్తుకొచ్చి, ఎవరితోనో ఒకరితో గొడవపడుతూ చెయ్యి పెట్టేదాన్ని. కూచుంటే అంకె కొంచెం తగ్గింది. కానీ కొంచెమే.

"నాకేటీ లేదు డాక్టరమ్మా," అన్నాను. "తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. నిక్షేపంలా ఉన్నాను."

"బీపీ ఉన్నవాళ్లు చాలామంది ఇదే చెప్తారు రత్నంగారూ. మీ గొట్టాల్లో ఒత్తిడి పెరిగితే మీకెలా తెలుస్తుంది?"

"మీటరు చూస్తాం."

"గొట్టం నొప్పని అరవదా?"

"గొట్టం ఎందుకరుస్తాది? చూడకుండా వదిలేస్తే ఒకరోజు అతుకు దగ్గర పగుల్తాది."

"మీ తలలోనూ, గుండెలోనూ, కిడ్నీల్లోనూ ఉన్నవి కూడా గొట్టాలే," అంది.

నాకు భయం వేసింది. ఊరి గోడకు బయట ఎంత నీళ్ల బరువుందో రోజూ లెక్క చూసే మనిషిని. నా లోపల ఏముందో ఒక్కనాడూ చూసుకోలేదు.

రోజుకో మాత్ర ఇచ్చింది. ఆవకాయ, ఎండుచేప, అప్పడం బంద్ అంది. రోజూ ఊరి చుట్టు నడవలో అరగంట చురుగ్గా నడవమంది. ఆవకాయ దగ్గర మాత్రం నేను ఏడ్చినంత పని చేశాను.

శ్రావణ పౌర్ణమి

గేటు పచ్చదీపం వెలిగించింది! "శుభం. జాగ్రత్తగా వెళ్లిరండి" అంది. ఆ మర్యాద గొంతు ఇవాళ ఎంత తియ్యగా ఉందో.

మొదటిరోజే తనివితీరా గీకాను. తిరిగి వచ్చేసరికి నడవలో గుమ్మం గుమ్మానికీ మనుషులు గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. బయటిమనిషి తిరిగొస్తే ఊళ్లో ప్రతి ఇల్లూ వేడివేడి ఉప్పుగంజి ఇవ్వాలి, బయటిమనిషి ప్రతి గుమ్మంలోనూ తాగాలి. ఊరు పుట్టినప్పటి ఆచారం ఇది. ఏ గుమ్మంలోనైనా వద్దంటే ఆ ఇంటికి కీడు. సముద్రంలోంచి మంచినీళ్లు తీయగా మిగిలిన ఉప్పు మాకు గుట్టలు గుట్టలు. ఎవరి గంజిలో ఉప్పు గట్టిగా ఉంటే వాళ్లకి అంత అభిమానం ఉన్నట్టు.

చివరి గుమ్మం అసిరమ్మ మామ్మది. ఊరి మొట్టమొదటి బయటిమనిషి గురయ్య తాత ఆమె భర్త. ఆ రోజుల్లో సూట్లు సరిగా ఉండేవి కావు. ఒకసారి తాత లోపలికొచ్చి గేటు దగ్గరే కూలబడిపోతే, మామ్మ ఉప్పేసిన వేడిగంజి తెచ్చి నోట్లో పోసిందట. తాత లేచి కూచున్నాడు. అక్కణ్నుంచి పుట్టింది ఆచారం. తాత పోయి చాలా కాలమైంది. మామ్మ మాత్రం ఒక్కరోజూ గంజి తప్పించలేదు.

"బేగి తాగీ గుంటా, సల్లారిపోద్ది," అంది. గటగటా తాగేశాను.

అంకె బాగుంది కాబట్టి ఇక మాత్రలతో పనిలేదు. జ్వరం తగ్గాక జ్వరం మాత్ర మింగుతామా? డబ్బా అటక మీద పెట్టేశాను.

భాద్రపద శుద్ధ సప్తమి

మళ్లీ ఎర్రదీపం. నాకే కాదు, పోలినాయుడికి కూడా. గవర్రాజుకి కూడా!

గవర్రాజు చేప ముల్లు గుచ్చుకుంటే చేపకే సారీ చెప్పే రకం. అతని గొంతు పెద్దది కావడం ఈ ఊళ్లో ఎవరూ వినలేదు. అలాంటివాణ్ని గేటు ఆపేసరికి నా కోపం గురించి మాట్లాడిన నోళ్లన్నీ మూతపడ్డాయి. లోపల కొంచెం సంతోషించాను, తరవాత సిగ్గుపడ్డాను. ఎందుకంటే ఇది నవ్వులాట కాదు.

కార్తీక పౌర్ణమి నాడు ఊరి కప్పు మీంచి నీటిపైదాకా దీపాల తాడు కట్టాలి. మా మనుషులే, మా గేటులోంచే వెళ్లి కట్టాలి. ఇద్దరైనా లేనిదే ఆ తాడు లేవదు. ఒడ్డు అధికారులు పడవల్లో వచ్చి చూస్తారు. దీపాలు కనిపిస్తే ఊరు క్షేమం. కనిపించకపోతే తన పని తాను చేసుకోలేని ఊరని రాసి, మనుషుల్ని పైకి తీసుకుపోతారు. ఒప్పందం అలాంటిది. మా పక్కన ఉండే నీలిగూడెం అలాగే ఖాళీ అయింది. వాళ్లంతా ఇప్పుడు ఒడ్డున రేకుల షెడ్లలో ఉన్నారు. మా అమ్మమ్మల ఇళ్లున్న ఇసకంతా సముద్రం తినేశాక, సముద్రంతోపాటే కిందికొచ్చి కట్టుకున్న ఊరు మాది. దీన్ని వదిలి నేను షెడ్డులో ఉండలేను.

డాక్టరమ్మ నా ముఖం చూడగానే, "మాత్రలు వేసుకుంటున్నారా?" అంది.

"అంకె బాగుంది కదా అని మానీసినాను."

"మాత్ర వేసుకున్నారు కాబట్టే అంకె బాగుంది!" మొదటిసారి ఆమె గొంతు పెంచింది. "ఇది జ్వరం కాదు రత్నంగారూ. నన్నడక్కుండా ఒక్కరోజు కూడా మానడానికి వీల్లేదు."

అటక మీంచి డబ్బా దింపి ఇచ్చాడు దానయ్య. రోజూ పొద్దున్నే నీళ్ల గ్లాసుతో నా ఎదురుగా నిలబడతానని ఒట్టు వేశాడు. మహానుభావుడు, ఒట్టు తప్పే రకం కాదు.

భాద్రపద అమావాస్య

మాత్రలతో ముగ్గురం మళ్లీ గేటు దాటుతున్నాం. కానీ అత్తెసరుగా. బయటికి వెళ్లని రోజుల్లో అంకె దిగుతోంది, వరసగా నాలుగు రోజులు వెళ్తే ఎక్కుతోంది. గవర్రాజుది మరీ గీత మీదే నిలబడుతోంది.

డాక్టరమ్మకి అంతు చిక్కలేదు. మళ్లీ మళ్లీ అదే ప్రశ్న: ఏం తింటున్నారు? పచ్చడి లేదు, ఎండుచేప లేదు, కూరల్లో ఉప్పు చిటికెడు. దానయ్య వండిన పప్పు తింటుంటే గోడ నాకుతున్నట్టుంది అని కూడా చెప్పాను.

ఇవాళ ఆమె స్వయంగా మిషను పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది, బయటినుంచి రాగానే నాకు బీపీ చూద్దామని. ఆమె ఊళ్లోకొచ్చాక గేటు వైపు రావడం ఇదే మొదలు. నేను సూటు విప్పి నడవలోకి నడిచాను. మొదటి గుమ్మంలో ఒక గ్లాసు. రెండో గుమ్మంలో ఒక గ్లాసు. డాక్టరమ్మ నా వెనకే వస్తోంది. మూడో గుమ్మం, నాలుగో గుమ్మం. అయిదో గుమ్మంలో నా చేతిలోంచి గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగి, మొహం చిట్లించి బయటికి ఉమ్మేసింది.

"ఇందులో ఉప్పెవరు వేశారు?"

"ఎవరింట్లో వాళ్లు," అన్నాను.

"ఇలా ఎన్ని గ్లాసులు తాగుతారు?"

"ఎన్ని గుమ్మాలుంటే అన్ని."

ఆమె నడవ చివరిదాకా చూసింది. గుమ్మాలన్నిట్లో గ్లాసులు ఎదురుచూస్తున్నాయి.

"ఇన్నాళ్లుగా ఏం తింటున్నారని అడుగుతున్నాను కదా! ఇదెందుకు చెప్పలేదు?"

"ఇది తిండి కాదు కదా డాక్టరమ్మా," అన్నాను. "మర్యాద."

"మర్యాదని మీ కిడ్నీలకి తెలుసా?"

దానయ్య ఆ పక్కనే ఉన్నాడు. నేను జవాబు లేకుండా నిలబడటం తన జన్మలో చూస్తాననుకోలేదని తరవాత అన్నాడు.

ఉప్పు ఒక్కటే కారణం కాదట. వయసుంది, మా నాన్న వైపు ఉంది. ఉప్పు మానినా మాత్ర మానకూడదట. కానీ ఒక చేత్తో మాత్ర మింగి ఇంకో చేత్తో ఇన్ని గ్లాసులు తాగితే మాత్ర మాత్రం ఏం చేస్తుంది అంది. నిజమే. కన్నం పూడుస్తూ పక్కన ఇంకో కన్నం కొట్టుకుంటున్నాం.

ఆశ్వయుజ శుద్ధ చవితి

ఇవాళ గంజి వద్దన్నాను.

చెప్పడం తేలిక, నడవడం కష్టం. మొదటి గుమ్మంలో చేతులు జోడించి "వద్దు వదినా, డాక్టరమ్మ ఉప్పు మానమంది" అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది, కీడు భయం. రెండో గుమ్మంవాళ్లు తలుపేసుకున్నారు. ఎవరో వెనకనుంచి "పొగరు" అన్నారు. పోలినాయుడు నా వెనకే వస్తూ ప్రతి గ్లాసూ గొప్పగా తాగి, ఊరి పరువు నిలబెడుతున్నట్టు మీసం తుడుచుకున్నాడు.

చివరికి అసిరమ్మ మామ్మ గుమ్మం వచ్చింది.

"ఇందా, తాగు," అంది.

"మామ్మా, నాను తాగలేను. ఉప్పు నాకు పడతం లేదు."

"మీ తాత ప్రాణం నిలిపిన గంజే ఇది."

"నాకు తెలుసు మామ్మా."

"తెలిసీ వొద్దంటన్నావు," అంది. తలుపు వేసేసింది. గంజి గ్లాసు గుమ్మం ముందు నేలమీద ఉండిపోయింది. ఎవరితో గొడవపడినా నాకు గంటలో నిద్ర పడుతుంది. ఇవాళ మాత్రం మధ్యాహ్నం నుంచీ ఆ గ్లాసే కళ్లముందు కనిపిస్తోంది. నాకు చాలా బాధగా ఉంది.

ఆశ్వయుజ బహుళ విదియ

పన్నెండు రోజులు మామ్మ నాతో మాట్లాడలేదు. ఈలోగా పోలినాయుడిని గేటు మళ్లీ ఆపేసింది. నాకు రోజూ పచ్చదీపమే. ఊరు ఇదంతా చూస్తోంది, ఒప్పుకోవడం లేదు.

ఇవాళ పొద్దున ఆసుపత్రిలో నేను నోరు మూసుకుని కూచున్న ఐదు నిమిషాల్లోనే మామ్మ కర్ర పట్టుకుని వచ్చింది.

"ఆ సెయ్యి నొక్కే మిషను నాకూ పెడతావేటి డాక్టరమ్మా?"

అంకె రెండు వందలు దాటింది. డాక్టరమ్మ రెండో చేతికి పెట్టి చూసింది, కాసేపాగి మళ్లీ చూసింది. ఛాతీలో నొప్పి ఉందా, మాట తడబడుతోందా అని అడిగింది. ఏమీ లేదు. మాత్ర ఇచ్చి, సాయంత్రం దాకా ఇక్కడే పడుకోవాలంది. రోజూ మిగిలిన గంజి అంతా మామ్మే తాగేస్తుందట, పారబొయ్యడం ఇష్టం లేక.

మంచం మీద పడుకుని మామ్మ కప్పువైపు చూస్తూ అంది: "మా మావ, మీ తాత, అన్నం తింటా తింటా పడిపోనాడు. సెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. సాయంత్రానికి మనిషే లేడు. సముద్రం తీసుకుపోయిందన్నారందరూ. నా గంజే తీసుకుపోయిందా?"

"అప్పుడాయనకి బీపీ ఎవరూ చూడలేదు మామ్మగారూ," అంది డాక్టరమ్మ. "ఇప్పుడెవరూ చెప్పలేరు."

"నిన్ను కాదమ్మా. ఈ గుంటని అడుగుతన్నాను. ఇది అబద్ధం ఆడదు."

నా నోటికి అడ్డూ అదుపూ లేదని ఊరంతా అంటుంది. ఇవాళ మాత్రం మంచం పక్కన కూచుని, ఒక్కో మాటా తూచుకున్నాను.

"తెల్దు మామ్మా," అన్నాను. "కానీ గేటు కాడ కూలబడినోణ్ని లేపింది మాత్రం నీ గంజే. అది ఊరంతా చూసింది."

మామ్మ ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. డాక్టరమ్మ మమ్మల్ని మాట్లాడొద్దని అనలేదు.

బాగా పొద్దెక్కాక మామ్మ కళ్లు తుడుచుకుని, "గంజి మానొద్దు," అంది. "ఉప్పు మానీద్దాం."

కార్తీక శుద్ధ పంచమి

మామ్మ కర్ర పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరుగుతోంది. ప్రతి ఇంట్లో గంజికుండలో వేలు పెట్టి రుచి చూస్తోంది. ఉప్పు తగిలితే కుండ ఒంపేదాకా గుమ్మం దిగదు. "వామెయ్యి, కరేపాకెయ్యి, శొంఠెయ్యి. ఉప్పు గుట్ట మీద కూకుంటే నీకే పాపం" అని తిడుతోంది. కీడు వస్తుందేమోనని ఒకామె గొణిగితే, "ఆచారం నానెట్టినాను, నానే మారుస్తన్నాను, నీకేటి?" అంది. ఆ ఒక్క మాటతో కీడు ఊరొదిలి పోయింది.

ఇప్పుడు ఊరందరికీ బీపీ చూస్తున్నారు. ఆసుపత్రి ముందు బెంచీల మీద జనం వీపులు ఆనించి, పాదాలు కింద పెట్టి, నోళ్లు మూసుకుని కూచుంటున్నారు. లోతూరు పుట్టాక ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. సాయంత్రం నడవలో నడిచేవాళ్లు ఒకర్నొకరు తోసుకునేంత మందయ్యారు.

గవర్రాజు అంకె గీత కిందికి దిగి స్థిరపడింది. పోలినాయుడిది ఇంకా దిగలేదు, డాక్టరమ్మ రెండో మాత్ర కలిపింది. ఈ ఏడు పౌర్ణమికి అతను వెళ్లలేడు. తాడు చుట్టలు విప్పే పని తనకిమ్మని అడిగాడు. ఇచ్చాను. మీసం గురించి ఒక్క మాట అన్నాను, ఒక్కటే.

కార్తీక పౌర్ణమి

మిట్టమధ్యాహ్నం నుంచే గేటు ముందు ఊరంతా చేరింది. పైన ఒడ్డు అధికారుల పడవలు వచ్చి ఆగిన చప్పుడు కప్పులోంచి వినిపిస్తోంది. గవర్రాజు ముందు చెయ్యి పెట్టాడు. పచ్చ. "థాంక్సండి" అన్నాడు గేటుతో.

నా వంతు వచ్చేసరికి గుండె దడదడలాడింది. ఇలా పెడితే ఎర్రదీపం ఖాయం. దానయ్య కుర్చీ తెచ్చి వేశాడు. వీపు ఆనించి, పాదాలు ఆనించి, చెయ్యి బల్లమీద పెట్టి కూచున్నాను. నాతోపాటు ఊరంతా నోరు మూసుకుంది. పసిపిల్లలు కూడా తల్లుల ముఖాలు చూసి ఊరుకున్నారు. మామ్మ నా ఎదురుగా కర్రమీద గడ్డం ఆనించి నిలబడి, నేనెక్కడ మాట్లాడేస్తానో అని పెదవులమీద వేలు పెట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వాపుకుంటూ ఊపిరి వదిలేసరికి దడ కూడా సర్దుకుంది. లేచి చెయ్యి కడియంలో పెట్టాను.

"నూట ముప్పై రెండు, ఎనభై నాలుగు. శుభం. జాగ్రత్తగా వెళ్లిరండి."

ఊరు అరిచిన అరుపు పై పడవల్లోకి వినిపించిందని తరవాత చెప్పారు.

తాడు కట్టడం నాకు కొత్త కాదు. కానీ ఈసారి ప్రతి ముడీ మొదటిసారి వేస్తున్నట్టే వేశాను. గవర్రాజు కింద పట్టుకున్నాడు, నేను దీపాలతోపాటు పైకి లేచాను. నీళ్లు నల్లన, తరవాత నీలం, తరవాత పచ్చన. సందె వెలుగు తగిలేచోట చివరి ముడి బిగించి మీట నొక్కాను. కిందినుంచి పైదాకా ఒక్కో దీపం వెలుగుతూ నా పక్కనుంచి వెళ్లింది. పడవలన్నీ ఒక్కసారే హారన్లు కొట్టాయి. కింద మా ఊరి కిటికీలు మెరుస్తున్నాయి. ఇంకో ఏడాది ఈ ఊరు మాదే. సూటు లోపల గట్టిగా అరిచాను, ఈసారి కోపంతో కాదు.

లోపలికొస్తే ప్రతి గుమ్మంలోనూ గ్లాసు ఉంది. వాము వాసన, శొంఠి వాసన, కరివేపాకు వాసన. ప్రతి గుమ్మంలోనూ తాగాను, ఒక్కటీ వద్దనలేదు. చివర మామ్మ గుమ్మం. ఆ రోజు నేలమీద ఉండిపోయిన గ్లాసే, తళతళలాడేలా తోమి, నిండా పోసి పట్టుకుని మామ్మ నిలబడింది.

తాగాను.

"ఎలగుంది?" అంది మామ్మ.

"సప్పగుంది మామ్మా."

"ఉంటాది మరి. నాకూ అలగే ఉంది. ఇంకోటి తాగుతావేటి?"

"పొయ్యి," అన్నాను, గ్లాసు చాపి.

చిట్టా: వెళ్లాను. కట్టాను. వచ్చాను. పొద్దున మాత్ర వేసుకున్నాను, రేపూ వేసుకుంటాను.